అటాచ్‌మెంట్ శిక్ష కాదట! మరి ఏమిటి?

మొన్న ఆదివారం టెస్ట్ సిరీస్‌లో జీఎస్-3 ప్రశ్న ఒకటి వచ్చింది: "మనీలాండరింగ్ నిరోధక చట్టంలో ఆస్తుల అటాచ్‌మెంట్ నిబంధనలను విమర్శనాత్మకంగా పరిశీలించండి." 15 మార్కులు, 250 పదాలు. నేను ఒక పక్షం వహించి రాశాను. పేపరు తిరిగొచ్చింది. 15కి 5. పక్కన ఎర్ర సిరాతో "సమతూకం లేదు" అని రాసి ఉంది.

పరీక్ష వరకు సార్ మాట నిజమే కావచ్చు. కానీ ఇక్కడ 250 పదాల హద్దు లేదు, చివర్లో "వే ఫార్వర్డ్" అని బాక్సు గీయక్కర్లేదు. అందుకే అదే జవాబు మళ్లీ రాస్తున్నాను, ఈసారి పూర్తిగా. చదివాక మీరే మార్కులు వేయండి.

నా వాదన ఇది. నేరం రుజువు కాకముందే ఒక మనిషి ఆస్తిని ఏళ్ల తరబడి కట్టేయడం శిక్షే. దానికి "సివిల్ చర్య" అని పేరు పెట్టి, శిక్షకు రాజ్యాంగం ఇచ్చే రక్షణలేవీ దీనికి అక్కర్లేదనడం తప్పు. మన కోర్టులు ఈ తప్పును ఇంకా సరిదిద్దలేదు.

ముందు చట్టం ఏం చెబుతుందో చూద్దాం

పేపర్లలో అన్నిటికీ "ఈడీ జప్తు చేసింది" అనే రాస్తారు. చట్టంలో మాత్రం రెండు మెట్లున్నాయి. మొదటిది అటాచ్‌మెంట్: ఆస్తి అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, బదిలీ చేయకూడదు. రెండోది జప్తు, అంటే కాన్ఫిస్కేషన్: ఆస్తి ప్రభుత్వానిది అయిపోతుంది. ఈ వ్యాసంలో ఈ రెండు మాటలను ఈ అర్థాల్లోనే వాడతాను.

2002లో పార్లమెంటు చేసిన ఈ చట్టం 2005 జులై 1 నుంచి అమల్లో ఉంది. సెక్షన్ 5 కింద ఈడీ అధికారి తనకు "నమ్మడానికి కారణం" ఉందని రాతపూర్వకంగా నమోదు చేసి 180 రోజుల వరకు తాత్కాలికంగా అటాచ్ చేయవచ్చు. 30 రోజుల్లోగా అడ్జుడికేటింగ్ అథారిటీ ముందు ఫిర్యాదు వేయాలి. ఆ అథారిటీ సెక్షన్ 8 కింద ధ్రువీకరిస్తే, దర్యాప్తు జరిగే కాలంలో 365 రోజుల వరకు, కేసు కోర్టుకెక్కితే ఆ కేసు తేలేదాకా అటాచ్‌మెంట్ కొనసాగుతుంది. ధ్రువీకరణ తర్వాత ఆస్తిని ఈడీ తన ఆధీనంలోకి కూడా తీసుకోవచ్చు. దోషి అని తేలితే జప్తు, కాదని తేలితే విడుదల.

వింటే పద్ధతిగానే ఉంది కదా? ఇందులో మూడు చిక్కులున్నాయి.

ఒకటి, సెక్షన్ 5 నిందితుడి ఆస్తికే పరిమితం కాదు. నేరార్జిత సొమ్ము ఎవరి చేతిలో ఉన్నా అటాచ్ చేయవచ్చు. రెండు, సెక్షన్ 2(1)(యు) నిర్వచనంలో నేరార్జిత ఆస్తితో పాటు "దాని విలువ" కూడా ఉంది. అంటే అసలు సొమ్ము దొరక్కపోతే, దానికి సమానమైన వేరే ఆస్తి మీదికి వెళ్లవచ్చు. మూడు, సెక్షన్ 24. అభియోగం ఎదుర్కొంటున్న వ్యక్తి విషయంలో ఆ సొమ్ము లాండరింగ్‌లో భాగమేనని కోర్టు భావించి తీరాలి, మిగతావారి విషయంలో భావించవచ్చు. కాదని చూపించుకోవాల్సిన బాధ్యత మనిషి మీద పడుతుంది.

ఇంజనీరింగ్‌లో ఫెయిల్‌సేఫ్ అనే మాట నేర్పారు. వ్యవస్థ పనిచేయడం ఆగిపోతే అది సురక్షితమైన స్థితికి వచ్చి ఆగాలి. లిఫ్టులో కరెంటు పోతే బ్రేకు పడాలి, లిఫ్టు కింద పడకూడదు. ఈ చట్టంలో ఆలస్యం జరిగితే బ్రేకు ఎవరి మీద పడుతోంది? దర్యాప్తు సంస్థ మీద పడటం లేదు, పౌరుడి మీద పడుతోంది. కేసు ఎంత సాగితే అతని ఆస్తి అన్నాళ్లు కట్టేసి ఉంటుంది.

మా పెదనాన్న ప్లాటు

ఇది నాకు పుస్తకంలో దొరికిన విషయం అయితే ఇంత కోపం వచ్చేది కాదేమో.

మా పెదనాన్న రిటైర్డ్ టీచరు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో సగం పెట్టి ఊరి బయట ఒక వెంచర్‌లో 200 గజాల ప్లాటు కొన్నాడు. చెక్కు ఇచ్చాడు, రిజిస్ట్రేషన్ చేయించాడు, ఈసీ తీయించి చూసుకున్నాడు. నాలుగేళ్ల తర్వాత అక్క పెళ్లికి అమ్ముదామని వెళితే రిజిస్ట్రేషన్ కాదన్నారు. వెంచర్ వేసిన వాళ్ల మీద కేసుంది, మొత్తం సర్వే నంబరు అటాచ్‌మెంట్‌లో ఉంది. ఆయనకు ఒక్క నోటీసు కూడా రాలేదు.

చట్టంలో దారి లేదా అంటే ఉంది. ఆస్తి తనదని చెప్పుకునే మూడో వ్యక్తికి సెక్షన్ 8(2) కింద తన మాట వినిపించుకునే అవకాశం ఇవ్వాలి. అక్కడ ఓడితే 45 రోజుల్లో అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు, ఆ తర్వాత 60 రోజుల్లో హైకోర్టుకు వెళ్లవచ్చు. ట్రిబ్యునల్ ఢిల్లీలో ఉంటుంది. పెదనాన్న లాయరును అడిగితే ఫీజు, రానుపోను ఖర్చులు కలిపి ఒక అంకె చెప్పాడు. ఆ అంకె విని పెదనాన్న నవ్వి, "ప్లాటు అమ్మితే గానీ ప్లాటు కోసం కొట్లాడలేనురా" అన్నాడు. అక్క పెళ్లి అప్పు తెచ్చి చేశారు. ప్లాటు ఇప్పటికీ అలాగే ఉంది, తుమ్మచెట్లు మొలిచాయి.

ఆయన మీద కేసు లేదు. ఎవరూ నేరస్తుడని అనలేదు. ఇది శిక్ష కాదని ఆయనకు ఎవరు చెప్పగలరు?

అంకెలు ఏం చెబుతున్నాయి

ఒక్క ఇంటి కథతో చట్టాన్ని తప్పుపట్టకూడదు, ఒప్పుకుంటాను. అంకెలు చూద్దాం. 2022 జులైలో ప్రభుత్వం లోక్‌సభకు ఇచ్చిన సమాచారం ప్రకారం, ఆ ఏడాది మార్చి 31 వరకు ఈ చట్టం కింద 5,422 కేసులు నమోదయ్యాయి. అటాచ్ చేసిన ఆస్తుల విలువ సుమారు 1,04,702 కోట్ల రూపాయలు. అందులో జప్తు దాకా వెళ్లింది 869.31 కోట్లు. శిక్ష పడినవారు 23 మంది.

భాగించి చూడండి. 17 ఏళ్లలో కట్టేసిన ప్రతి 100 రూపాయల్లో నేర నిరూపణ దాకా వెళ్లి జప్తయింది ఒక్క రూపాయి కూడా కాదు. మిగిలిన 99 రూపాయలు నేరస్తులవా, అమాయకులవా? ఎవరికీ తెలియదు, తేలలేదు కాబట్టి. తేలనంత కాలం ఫలితం మాత్రం ఇద్దరికీ ఒకటే.

"విచారణ పూర్తయిన కేసుల్లో 90 శాతానికి పైగా శిక్ష పడింది" అని ఈడీ చెబుతుంది. ఆ మాట నిజమే. కానీ పదిమంది పరీక్ష రాసి తొమ్మిది మంది పాసైతే 90 శాతం అంటాం. వేలమందికి హాల్‌టికెట్లు ఇచ్చి, పదిమందికే పరీక్ష పెట్టి 90 శాతం అంటే మనం ఒప్పుకుంటామా? 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ధర్మాసనమే ఈ సంగతి ఎత్తింది. పదేళ్లలో 5,000కు పైగా కేసులు, 40 శిక్షలు ఏమిటని, ప్రాసిక్యూషన్ నాణ్యత మీద దృష్టి పెట్టమని ఈడీకి చెప్పింది.

కోర్టులు పేరు దగ్గరే ఆగాయి

ఈ చట్టాన్ని కోర్టులో సవాలు చేయడం కొత్త కాదు. తొలి పెద్ద సవాళ్లలో ఒకటి మన దగ్గరిదే. సత్యం కుంభకోణం తర్వాత బి. రామరాజు వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా కేసులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2011లో సెక్షన్ 5, 8 వంటివన్నీ చెల్లుతాయని చెప్పింది. అభియోగం లేని వ్యక్తి చేతిలో ఉన్నా సరే నేరార్జిత ఆస్తిని అటాచ్ చేయవచ్చంది. 2019లో యాక్సిస్ బ్యాంక్ కేసులో ఢిల్లీ హైకోర్టు ఇది క్రిమినల్ చర్యకు సమాంతరంగా నడిచే సివిల్ చర్య అంది. అయితే ఆ తీర్పే, నిజాయితీగా హక్కు పొందిన మూడో వ్యక్తులను కాపాడాలని కూడా చెప్పింది.

తర్వాత 2022 జులై 27. విజయ్ మదన్‌లాల్ చౌదరి తీర్పు, ముగ్గురు న్యాయమూర్తులు, 545 పేజీలు. ఈ చట్టం పూర్తిగా నియంత్రణ చట్టమూ కాదు, పూర్తిగా శిక్షా చట్టమూ కాదు, తనదైన ప్రత్యేక తరహా అని కోర్టు తేల్చింది. అటాచ్‌మెంట్ నిబంధనలను సమర్థించింది. జప్తుకు ముందే ఆస్తిని ఆధీనంలోకి తీసుకోవడం మామూలు పద్ధతి కాకూడదని, అరుదుగానే జరగాలని మాత్రం అంది. మూల నేరంలో నిర్దోషి అని తేలితే లాండరింగ్ కేసు నిలవదని కూడా చెప్పింది. ఈ రెండూ మంచి మాటలే. కానీ మూల నేరం తేలడానికి పదేళ్లు పడితే ఆ పదేళ్ల సంగతేమిటి?

నెల తిరక్కుండానే, ఆగస్టు 23న, అదే సుప్రీంకోర్టులో మన తెలుగువారైన ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ రాసిన గణపతి డీల్‌కామ్ తీర్పు వచ్చింది. అది బేనామీ చట్టం కేసు. అక్కడ కోర్టు ఆస్తి జప్తు శిక్షాత్మకమేనని, అందుకే 2016 సవరణలోని జప్తు నిబంధనను పాత లావాదేవీలకు వర్తింపజేయకూడదని చెప్పింది. విజయ్ మదన్‌లాల్ తీర్పులో ఆధీనం గురించి చెప్పిన మాటను సరైన కేసులో ఇంకా విడమరచాలని కూడా అంది. మరో రెండు రోజులకు, ఆగస్టు 25న, విజయ్ మదన్‌లాల్ పునఃసమీక్షలో రెండు అంశాల మీద నోటీసు ఇచ్చింది. నిందితుడికి ఈసీఐఆర్ ప్రతి ఇవ్వకపోవడం ఒకటి, నిరూపణ భారాన్ని తిరగేయడం రెండోది. నేను ఇది రాసేనాటికి ఆ పునఃసమీక్షలో తుది తీర్పు రాలేదు. గణపతి డీల్‌కామ్ తీర్పును కూడా 2024 అక్టోబరు 18న సుప్రీంకోర్టే వెనక్కి తీసుకుంది. బేనామీ చట్టం సెక్షన్ 3 చెల్లుబాటు మీద వాదనలు జరగకుండానే దాన్ని కొట్టేశారని, మళ్లీ వినాలని చెప్పింది.

అంటే ఈరోజు మన దేశంలో "జప్తు శిక్షా, కాదా" అనే ప్రశ్నకు స్థిరమైన జవాబు లేదు. ఈ ప్రశ్న మాటల గారడీ కాదు. శిక్ష అయితే ఆర్టికల్ 20(1) వర్తిస్తుంది, పాత లావాదేవీలకు కొత్త చట్టం అంటగట్టకూడదు. శిక్ష అయితే నిర్దోషిత్వ భావన వర్తిస్తుంది, సందేహానికి తావులేకుండా రుజువు చేయాలి. సివిల్ చర్య అంటే ఇవన్నీ ఒక్క మాటతో పక్కకు పోతాయి. ఒక పేరు మీద ఇన్ని హక్కులు ఆధారపడి ఉన్నప్పుడు, ఆ పేరు నిజమేనా అని చూడటం కోర్టు పని.

ఎదుటి వాదనకు జవాబు

"నేరస్తుడు విచారణ ముగిసేదాకా సొమ్ము అలాగే ఉంచుతాడా? రాత్రికి రాత్రే విదేశాలకు పంపేస్తాడు" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. అగ్రిగోల్డ్ గుర్తుందా? ఆంధ్రా, తెలంగాణల్లో కూలీలు, చిన్న రైతులు, చిరుద్యోగులు లక్షల మంది డబ్బు పోగొట్టుకున్నారు. ఆస్తులు అటాచ్ చేసి ఉంచడం వల్లే ఈడీ వాటిని బాధితుల కోసం తిరిగి ఇవ్వగలిగింది. విజయ్ మాల్యా కేసులో 14,000 కోట్లకు పైగా విలువైన ఆస్తులు బ్యాంకులకు చేరాయి. పెద్ద కేసుల్లో ఇలా తిరిగి ఇచ్చింది కనీసం 22,280 కోట్లని 2024 డిసెంబరులో ఆర్థిక మంత్రి లోక్‌సభలో చెప్పారు. శిక్ష పడకముందే జప్తుకు వీలుండాలని ఎఫ్‌ఏటీఎఫ్ కూడా దేశాలను ప్రోత్సహిస్తోంది.

ఇవన్నీ ఒప్పుకుంటాను. అటాచ్‌మెంట్ ఎత్తేయమని నేను అనడం లేదు. అగ్రిగోల్డ్ బాధితుల వైపు నిలబడేవాడు మా పెదనాన్న వైపు కూడా నిలబడాలంటున్నాను. ఇద్దరూ ఒకే రకం మనుషులు, కష్టార్జితం పెట్టి మోసపోయినవాళ్లు. ఒకరికి చట్టం డబ్బు తిరిగి ఇస్తోంది, ఇంకొకరి దగ్గర మిగిలింది కూడా కట్టేస్తోంది. వేగంగా అటాచ్ చేయడానికి సమర్థన ఉంది. నిదానంగా తేల్చడానికి మాత్రం ఏ సమర్థనా లేదు.

"తప్పు జరిగితే కోర్టులు సరిదిద్దుతున్నాయి కదా" అనేది రెండో వాదన. నిజమే, సరిదిద్దుతున్నాయి. 2023 నవంబరులో పావనా దిబ్బూర్ కేసులో, మూల నేరానికి ముందే కొన్న ఆస్తి నేరార్జితం ఎలా అవుతుందని సుప్రీంకోర్టు ఆ ఆస్తి విషయంలో ఈడీ వాదనను తిరస్కరించింది. 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు, 365 రోజుల్లో కోర్టు ఫిర్యాదు వేయకపోతే ఆస్తి తిరిగి ఇవ్వాల్సిందేనంది. కానీ ఎవరికి, ఎన్నాళ్లకు? సత్యం కంపెనీకి చెందిన 822 కోట్ల ఫిక్స్‌డ్ డిపాజిట్లను ఈడీ 2012 అక్టోబరులో అటాచ్ చేసింది. హైదరాబాదులోని హైకోర్టు దాన్ని కొట్టేసింది 2018 డిసెంబరు 31న. మధ్యలో ఆరేళ్లు. అది దేశంలోనే పెద్ద లాయర్లను పెట్టుకోగల కంపెనీ. దానికే ఆరేళ్లు పడితే 200 గజాల టీచరుకు ఎన్నాళ్లు పట్టాలి?

బయటి దేశాల్లో ఏం చేశారు

అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో ఒకతను మాదకద్రవ్యాలు అమ్మి దొరికాడు. ఆ నేరానికి గరిష్ఠ జరిమానా 10,000 డాలర్లు. ప్రభుత్వం మాత్రం అతని 42,000 డాలర్ల కారు పట్టుకుపోతానంది. ఆ కారు అతను తండ్రి చనిపోయాక వచ్చిన బీమా డబ్బుతో కొన్నది. 2019లో టింబ్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, అతి జరిమానాలను నిషేధించే రాజ్యాంగ రక్షణ రాష్ట్రాలకూ వర్తిస్తుందని ఏకగ్రీవంగా చెప్పింది. జప్తు కొంతవరకైనా శిక్షాత్మకంగా ఉంటే చాలు, ఆ రక్షణ వర్తిస్తుందనేది అక్కడ 1993 నుంచి ఉన్న సూత్రం. "సివిల్" అనే పేరు చూసి కోర్టు ఆగిపోలేదు.

బ్రిటన్‌లో వాయా కేసు, 2012. అబద్ధం చెప్పి 4,65,000 పౌండ్ల గృహరుణం తీసుకుని 7,75,000 పౌండ్ల ఫ్లాటు కొన్నాడు. ఆ అప్పు తర్వాత తీరిపోయింది. అయినా కింది కోర్టు 15.4 లక్షల పౌండ్లు కట్టమంది. సుప్రీంకోర్టు దాన్ని 3,92,400కు తగ్గించింది. నేరం వల్ల నిజంగా దక్కిన లాభానికి జప్తు దామాషాలో ఉండాలంది. వాళ్లిద్దరూ నేరం చేసినవారే. దోషులకే ఇంత కొలత ఉన్నప్పుడు, దోషి అని తేలని మనిషికి మన దగ్గర ఏ కొలత ఉంది? పుట్టస్వామి తీర్పులో దామాషా సూత్రాన్ని 2017లోనే మన సుప్రీంకోర్టు ఒప్పుకుంది. ఆర్టికల్ 300ఏ కింద ఆస్తి హక్కు అంటే నోటీసు, విచారణ, కారణాలతో కూడిన ఆదేశం, సకాలంలో ముగింపు వంటివన్నీ కలిపేనని 2024లో కోల్‌కతా మున్సిపల్ కార్పొరేషన్ కేసులో చెప్పింది. అది భూసేకరణ కేసు. రోడ్డు కోసం స్థలం తీసుకుంటే ఇన్ని హక్కులు, కేసు పేరుతో కట్టేస్తే మాత్రం ఉండవా?

నేను అడిగేది

ఒకటి, నేరంతో నేరుగా సంబంధం లేని ఆస్తిని "సమాన విలువ" పేరుతో కట్టేస్తే దాన్ని శిక్షగానే చూడాలి, శిక్షకుండే రక్షణలు ఇవ్వాలి.

రెండు, అడ్జుడికేటింగ్ అథారిటీలో న్యాయ అనుభవం ఉన్న సభ్యుడు లేకుండా ఏ అటాచ్‌మెంటునూ ధ్రువీకరించకూడదు. సెక్షన్ 6 ప్రకారం ఒకే సభ్యుడితో కూడా బెంచి నడపవచ్చు, ఆ సభ్యుడికి న్యాయ నేపథ్యం లేకపోయినా సరే. ఇది మారాలి.

మూడు, విచారణ నిర్ణీత గడువులో మొదలుకాకపోతే అటాచ్‌మెంట్ దానంతటదే ప్రత్యేక కోర్టు సమీక్షకు రావాలి. కొనసాగించాలని ఈడీయే కోర్టును ఒప్పించాలి. ఫెయిల్‌సేఫ్ అంటే ఇదే.

నాలుగు, రిజిస్టర్డ్ డాక్యుమెంటుతో, బ్యాంకు ద్వారా డబ్బు కట్టి కొన్న చిన్న కొనుగోలుదారు విషయంలో నిరూపణ భారం ఈడీ మీదే ఉండాలి. అతని మాట అతని జిల్లాలోనే వినాలి.

ఐదు, నిర్దోషి అని తేలాక సెక్షన్ 8(6) ఆస్తిని విడుదల చేయమంటుంది, అంతే. పోయిన ఏళ్లకు పరిహారం మాట లేదు. అది ఉండాలి.

మిత్రులారా, రేపు మనలో కొందరం ఐఆర్‌ఎస్‌లో చేరతాం, డిప్యుటేషన్ మీద ఈడీకి వెళతాం. "నమ్మడానికి కారణం ఉంది" అని ఫైలు మీద సంతకం చేసే చెయ్యి మనదే కావచ్చు. ఆ రోజు సర్వే నంబరు ఒక్కటే రాసి వదిలేయకండి. అందులో ఎన్ని ప్లాట్లున్నాయో, ఎవరెవరు కొన్నారో ఒక్కసారి ఈసీ తీయించి చూడండి. 

సమతూకం లేదన్న సార్‌కు నా జవాబు ఇదే. తక్కెడలో ఒక పళ్లెం ఇప్పటికే నేలకు ఆనుకుని ఉంటే, రెండో పళ్లెంలో బరువు వేయడమే సమతూకం.